ఇంజన్ ఎక్కడ పుట్టింది?

మా ఊళ్ళో బండి కొనడానికి వెళ్ళినవాళ్ళు ముందు రంగు చూడరు, మైలేజీ అడగరు. హ్యాండిలు ఓ పక్కకి తిప్పి, మెడ దగ్గర ఇనుము మీద కొట్టిన ఛాసిస్ నంబరు చదువుతారు. చత్వారం వచ్చినవాళ్ళయితే పక్కనున్న కుర్రాడి చేత చదివిస్తారు. చిన్నప్పుడు అలా చాలా బళ్ళకి నేనే చదివిపెట్టా. మాది కొల్లేటి ఒడ్డున, ఏలూరుకీ కైకలూరుకీ మధ్య ఓ ఊరు. ఇంగ్లీషు రానివాళ్ళకి కూడా ఆ పదిహేడు అంకెలూ అక్షరాల్లో ఎక్కడ చూడాలో బాగా తెలుసు.

"ఫలానా అక్షరం ఉందా?"

"ఉందండి."

"అయితే వద్దులే. కొండల్లో ప్లాంటు బండి అది. మూడేళ్ళకే బోరుకొచ్చేస్తది."

అంతే, బేరం అయిపోయేది. షోరూం కుర్రాడు ఎంత మొత్తుకున్నా లాభం ఉండేది కాదు. ఒకే కంపెనీ, ఒకే మోడలు, ఒకే రేటు. అయినా పాత ప్లాంటులో పుట్టినది మంచిది, కొత్త ప్లాంటులో పుట్టినది చెడ్డది. ఈ సిద్ధాంతం ఎవరు కనిపెట్టారో తెలీదు గానీ మా వైపు దానికి తిరుగులేదు. ఇంతకన్నా పెద్ద సిద్ధాంతం ఇంకోటుంది, "జపాన్ ఇంజన్" సిద్ధాంతం. పాత ఆర్ఎక్స్ 100 ఎక్కడైనా అమ్మకానికొస్తే దాని మీద జపాన్ ముద్ర ఉందా లేదా అని వెతికేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఉందని తెలిస్తే రేటు ఎంత చెబితే అంత.

మా నాన్న బండి మాత్రం ఆ "కొండల ప్లాంటు"దే. కంపెనీ పేరు అనవసరం, ఎందుకో చివరికి మీకే అర్థమవుతుంది. కొన్న రోజున నేను కాలేజీలో ఉన్నా. నంబరు చదివిపెట్టేవాడు లేక నాన్న మోసపోయారని మా బాబాయి ఇప్పటికీ అంటుంటాడు.

2024 అక్టోబర్‌లో ఓ రోజు పొద్దున్న నాన్న చేపల మేత కోసం ఏలూరు వెళ్తున్నారు. బండి మంచి స్పీడు మీద ఉండగా ఇంజన్ ఉన్నట్టుండి పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ నొక్కితే చక్రం వదులుతుంది, నిజమే. కానీ ఆ అర సెకనులో ఎవరికి తడుతుంది? అందులోనూ అరవై దగ్గర పడుతున్న మనిషికి! బండి పక్కకి జారి రోడ్డు మార్జిన్లో పడింది. అటు నుంచి లారీ ఏదీ రాకపోవడం మా అదృష్టం. నాన్నకి కాలర్ బోన్ విరిగింది. ఆరు వారాలు చెయ్యి మెళ్ళో కట్టుకుని కూర్చోవలసొచ్చింది. చెరువు పని, మేత పని అన్నీ బాబాయి మీద పడ్డాయి.

నేను హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి పొద్దున్నకి ఇల్లు చేరా. అప్పటికే మా అరుగు మీద తీర్పు అయిపోయింది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళదీ అదే మాట. "చెప్పాం కదా, ఆ ప్లాంటు బండి వద్దని." ఊళ్ళో మెకానిక్కూ అదే అన్నాడు. మా అమ్మ కూడా అదే అంది. తలకాయ ఊపినవాళ్ళలో నేనూ ఉన్నా. నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్ అని గమనించగలరు. తాడేపల్లిగూడెం దగ్గర నాలుగేళ్ళు చదివా. బండి నేర్చుకున్నది కూడా గూడెంలోనే, రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత రన్‌వే మీద. అంత చదివీ ఇంజన్ విప్పకుండానే తీర్పు ఒప్పేసుకున్నా.

ఎందుకొప్పుకున్నానో ఆ వారంలోనే తెలిసొచ్చింది, అదీ ఓ విచిత్రమైన దారిలో.

నాన్న పక్కన కూర్చుని ఇంటి నుంచే పని చేస్తున్నా. మా ప్రాజెక్టులో ఓ రిలీజు బెడిసికొట్టింది. రాత్రి కాల్‌లో అమెరికా వైపు నుంచి ఒకాయన మొట్టమొదట అడిగిన ప్రశ్న: "ఈ ముక్క రాసింది ఆఫ్‌షోరా?" లాగ్ ఇంకా ఎవరూ తెరవలేదు. ఎర్రర్ ఏంటో ఎవరికీ తెలీదు. అవతల తలకాయలు ఊగడం వీడియోలో కనబడుతూనే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మీలో ఈ ఉద్యోగం చేసేవాళ్ళకి ఆ మంట గురించి నేను చెప్పక్కర్లేదు. రెండు గంటల తర్వాత లాగ్ చూస్తే తేలిందేంటంటే, కోడ్ బాగానే ఉంది, వాళ్ళ వైపు సర్వర్లో ఓ సెట్టింగు మార్చడం మర్చిపోయారు. "ఓహ్, ఓకే" అన్నారు. అంతే. సారీ లేదు, ఏమీ లేదు.

కాల్ పెట్టేసి నీళ్ళు తాగుదామని లేస్తే వరండాలో నాన్న బండి కనబడింది. ట్రాలీ ఆటోలో తెచ్చి పడేసినది పడేసినట్టే ఉంది. మేం చేసింది కూడా అదే కదా! లాగ్ తెరవకుండా "కొండల ప్లాంటు" అనేశాం. మా అరుగు మీద నేను ఆ అమెరికా ఆయన్నే. సిగ్గేసింది.

మర్నాడు బండిని ఏలూరు తీసుకెళ్ళా. పవర్‌పేట వైపు ఓ లేతు షాపు ఉంది, బ్లాకులు బోరింగ్ చేస్తారు. ఆయన్ని ఊళ్ళో అందరూ మేస్త్రీగారనే అంటారు. "బాబాయిగారూ, విప్పి ఏమైందో చూపించండి. బాగుచెయ్యడం తర్వాత" అన్నా. ఆయన నన్ను కాస్త వింతగా చూసి, "ఏమైందో ఎవరూ అడగరండి, ఎంతవుద్దని అడుగుతారు" అన్నారు.

ముందు కింద బోల్టు విప్పి ఆయిలు దింపారు. అది నల్లగా లేదు. పాలెక్కువైన టీ రంగులో, చిక్కగా ఉంది. ఆయన ఓ చుక్క వేళ్ళ మధ్య రుద్ది నాకేసి చూశారు. "బండి నీళ్ళలో దిగిందా అబ్బాయ్?"

దిగింది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది కదా, ఆ నీళ్ళన్నీ చివరికి చేరేది మా కొల్లేటికే. కొల్లేరు నిండి ఏలూరు - కైకలూరు రోడ్డు మీదకి నీళ్ళొచ్చాయి. చెరువు గట్టు ఉందో పోయిందో చూసుకోవడానికి నాన్న ఆ నీళ్ళలోనే బండి మీద రెండు మూడు రోజులు తిరిగారు. ఇంజన్ సగం దాకా మునిగేది. ఆగిపోతే తోసుకుంటూ పోయి గట్టెక్కాక స్టార్ట్ చేసేవారు.

మేస్త్రీగారు వివరంగా చెప్పారు. వేడెక్కిన ఇంజన్ చన్నీళ్ళలోకి దిగిందంటే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి పీలుస్తుంది. బ్రీదర్ గొట్టం, డిప్‌స్టిక్ దగ్గర గట్టిపడిపోయిన రబ్బరు రింగు, పాత ఆయిల్ సీలు, ఏదైనా కావచ్చు. మామూలుగా గాలే వెళ్తుంది. నీళ్ళలో ఉంటే నీళ్ళు వెళ్తాయి. వంద సీసీ బండిలో ఉండే ఆయిలే లీటరు లోపు. అందులో గ్లాసుడు నీళ్ళు కలిస్తే ఇక అది ఆయిల్ పని చెయ్యదు. ఇనుముకీ ఇనుముకీ మధ్య ఉండాల్సిన పల్చటి పొర తెగిపోతుంది. బ్లాకు ఊడదీస్తే పిస్టన్ మీద నిలువు చారలున్నాయి. కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగు మీద తుప్పు మచ్చలు. "ఇది ప్లాంటు తప్పు కాదండి, మన కొల్లేరు తప్పు" అన్నారు నవ్వుతూ.

ఆయన నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. సెప్టెంబర్ చివర్లో నాన్న ఫోన్ చేశారు. "ఇంజన్ సౌండు మారిందిరా, బరువుగా లాగుతోంది" అన్నారు. నేను ఏదో మీటింగులో ఉన్నా. "సర్వీసింగుకి ఇచ్చెయ్యండి నాన్నా" అని పెట్టేశా. నీళ్ళలో దిగిందా అని అడగలేదు. ఆయిలు మార్చారా అని అడగలేదు. ఆ రెండు ప్రశ్నలకి మెకానికల్ డిగ్రీ కూడా అక్కర్లేదు. మూడు నాలుగొందల ఆయిలు డబ్బాతో పోయేదానికి కాలర్ బోన్ విరిగింది. మళ్ళీ అడగాలని నాకు గుర్తు రాలేదు. పైగా నాన్న పడ్డాక "ఆ ప్లాంటు" అని అందరూ అంటుంటే నాకు ఎంత సుఖంగా ఉందో ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. తప్పంతా ఎక్కడో కొండల్లో ఉంటే మా ఇంట్లో ఎవరి మీదా ఉండదు కదా. నాన్న మీద ఉండదు, మా ఊరి మెకానిక్ మీద ఉండదు, నా మీద అసలే ఉండదు.

సరే, ఇంతకీ ఆ కొండల్లో ప్లాంట్లు ఎందుకొచ్చాయో కొంచెం చదివా. 2003లో కేంద్రం ఉత్తరాఖండ్‌కి (అప్పటి పేరు ఉత్తరాంచల్) పారిశ్రామిక ప్యాకేజీ ఇచ్చింది. కొత్తగా పెట్టే ఫ్యాక్టరీలకి పదేళ్ళు ఎక్సైజు సుంకం మాఫీ. 2010 మార్చి లోపు ఉత్పత్తి మొదలెట్టాలి. దాంతో బజాజ్ 2007లో పంత్‌నగర్‌లో, హీరో హోండా 2008లో హరిద్వార్‌లో ప్లాంట్లు తెరిచాయి. అంటే ఇంజన్ పుట్టే ఊరుని నిర్ణయించింది ఇంజినీర్లు కాదు, పన్ను లెక్కలు. మా వాళ్ళ అనుమానం కూడా అక్కణ్ణుంచే వచ్చుంటుంది. "పన్ను మిగుల్చుకోడానికి వెళ్ళినవాడు ఇంకేం మిగుల్చుకుంటాడో" అని. అనుమానంలో తప్పు లేదు, మనది వ్యాపారం తెలిసిన జిల్లా. కానీ అదే డ్రాయింగు, అదే కొలత. పిస్టన్లు, రింగులు, బేరింగుల్లాంటివి ఎలాగూ బయటి సప్లయర్ల నుంచే వస్తాయి. కొత్త ప్లాంటులో మొదటి కొన్ని నెలలు చేతులు కుదరకపోవచ్చు, అది ఎక్కడైనా ఉంటుంది. మా ఆఫీసులో కొత్త టీం మొదటి రిలీజు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయితే పదేళ్ళ తర్వాత కూడా అదే మాట పట్టుకు వేలాడ్డం సరికాదు.

ఊరిని బట్టి ఇంజన్ గుణం ఉండదనడానికి మనకి తెలిసిన ఉదాహరణ బుల్లెట్. ఇంగ్లండులో రెడిచ్‌లో పుట్టిన బండి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. ఇంగ్లండులో తయారీ 1970తో ఆగిపోయింది, మద్రాసులో ఆగలేదు. బుల్లెట్ నిలబెట్టిన చోట ఆయిలు చుక్కలుంటాయని అందరం చెప్పుకునేవాళ్ళం. "మద్రాసులో చేస్తే అంతే, ఇంగ్లండుదైతేనా" అనేవాళ్ళూ ఉండేవారు. నిజానికి ఇంగ్లీషు బళ్ళు కూడా ఆయిలు కార్చడంలో ఎవరికీ తీసిపోలేదు. అది అప్పటి డిజైను గుణం. 2008 తర్వాత ఇంజనూ గేరుబాక్సూ ఒకే పెట్టెలో ఉండే కొత్త ఇంజన్ వచ్చింది. దాంతో ఆ చుక్కల గొడవ చాలావరకు పోయింది. 2013లో ఒరగడం ప్లాంటు రాకముందు ఆ కొత్త ఇంజన్ చేసింది ఎక్కడనుకున్నారు? అదే పాత తిరువొత్తియూరులో. ఊరు మారలేదు. డిజైను మారింది, మిషన్లు మారాయి, కొలిచే పద్ధతి మారింది.

ఇటు నుంచి చూసినా అంతే. హోసూరులో టీవీఎస్ చేసే బీఎండబ్ల్యూ చిన్న బళ్ళు, చాకన్‌లో బజాజ్ చేసే కేటీఎం, ట్రయంఫ్ బళ్ళు యూరప్ రోడ్ల మీద తిరుగుతున్నాయి. అక్కడ ఏ ఊరి పెద్దమనిషి ఛాసిస్ నంబరు చూసి "ఎమ్‌తో మొదలైంది, ఇండియా బండి, వద్దులే" అంటున్నాడో! అంటూనే ఉండుంటాడు, ఆ అరుగులు అక్కడా ఉంటాయి.

మా తాతగారికి ఆల్విన్ పుష్పక్ స్కూటరుండేది. "హైదరాబాద్ బండి, మనది" అని ఆయనకి మహా గర్వం. దాని వంశం వెతికితే లక్నోలోని స్కూటర్స్ ఇండియాకి, అక్కణ్ణుంచి ఇటలీలోని లాంబ్రెట్టాకి వెళ్తుంది. మిలాన్‌లో ఇన్నొచెంటి కంపెనీ మూసేస్తుంటే 1972లో మనవాళ్ళు ఆ యంత్రాలూ డ్రాయింగులూ కొని తెచ్చారు. ఇటలీ యంత్రం, లక్నో పరిజ్ఞానం, హైదరాబాద్ పేరు. అది ఎక్కడి ఇంజన్ అనాలి? తాతగారిని అడిగితే "మనదే" అనేవారు, సందేహం లేకుండా. ఆయన తనకి నచ్చిన ఊరు పెట్టుకున్నారు, మేం మాకు నచ్చని ఊరు పెట్టుకున్నాం. పద్ధతి మాత్రం ఒక్కటే.

మళ్ళీ షాపుకొద్దాం. మేస్త్రీగారు ఫస్ట్ సైజు, అంటే 0.25 మిల్లీమీటర్ల పెద్ద పిస్టన్ తెప్పించి దానికి తగ్గట్టు బోరింగ్ చేశారు. వంద సీసీ బళ్ళలో బోరు ఇంచుమించు 50 మిల్లీమీటర్లు. పిస్టన్‌కీ గోడకీ మధ్య ఉండాల్సిన సందు మిల్లీమీటరులో నూరో వంతుల్లో ఉంటుంది. తల వెంట్రుక దానికన్నా మందం. సందు తక్కువైతే పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ. ఆయన బోర్ గేజి పెట్టి పైన, మధ్యలో, కింద మూడు చోట్ల, ఒక్కో చోట రెండు వైపులా కొలిచి ఆరు అంకెలు ఓ సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకున్నారు. ఓ చోట కొంచెం తేడా వస్తే మళ్ళీ హోనింగ్ చేసి మళ్ళీ ఆరూ కొలిచారు. ఎవరూ అడగలేదు. పైన ఇన్‌స్పెక్టరు లేడు. నేను ఫోన్ చూసుకుంటున్నా అనుకునే చేశారు.

నాకు మా మెట్రాలజీ ల్యాబు గుర్తొచ్చింది. మైక్రోమీటరు, బోర్ గేజి అన్నీ ఉండేవి. మేం మాత్రం సీనియర్ల రికార్డు చూసి రీడింగులు ముందే రాసేసి, సారు వస్తున్నప్పుడు గేజి చేత్తో పట్టుకునేవాళ్ళం. పదికి తొమ్మిది మార్కులు. క్వాలిటీ అంటే ఏంటో ఆ నాలుగేళ్ళలో నేర్చుకోనిది ఆ సిగరెట్ అట్ట నేర్పింది. ఎవరూ చూడనప్పుడు నిజంగా కొలిచి, ఉన్నది ఉన్నట్టు రాసుకుని, తేడా వస్తే మళ్ళీ చెయ్యడం. ఇది చేసేవాడు హరిద్వార్‌లోనూ ఉండొచ్చు, పవర్‌పేటలోనూ ఉండొచ్చు. జపాన్‌కి ఆ పేరొచ్చింది కూడా ఇలాంటివాళ్ళు అక్కడ ఎక్కువమంది ఉండబట్టే గానీ అక్కడి మట్టి మహిమ వల్ల కాదు.

ఛాసిస్ నంబరులో బండి ఏ ప్లాంటులో పుట్టిందో ఉంటుంది, ఏ ఏడాది పుట్టిందో ఉంటుంది. ఎన్నిసార్లు నీళ్ళలో దిగింది, దిగాక ఆయిలు ఎవరు మార్చారు, సౌండు మారిందని చెబితే ఎవరు విన్నారు, ఇవేవీ ఉండవు. నాన్న విషయంలో పనికొచ్చేవి ఇవే. అందుకే కంపెనీ పేరు చెప్పలేదు. వాళ్ళ తప్పు కానిదానికి పేరెందుకు?

ఇవన్నీ నాన్నకి చెప్పా, నా ఫోన్ సంగతితో సహా. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "నువ్వు పనిలో ఉన్నావులేరా" అన్నారు చివరికి. తిట్టుంటే బాగుండేది.

మాట మార్చడానికి నేనే అడిగా. "నాన్నా, హీరో వాళ్ళు మన శ్రీసిటీ దగ్గర కూడా ప్లాంటు పెట్టారు. 2018లో శంకుస్థాపన చేశారు. ఈసారి బండి అక్కణ్ణుంచి వస్తే కొంటారా?"

"మనవాళ్ళే చేశారా?" అని ఓ క్షణం ఆలోచించి, "అయితే అసలే వద్దు" అన్నారు. ఇంట్లో అందరం పగలబడి నవ్వాం. పడ్డాక ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వితే భుజం నొప్పెట్టి మళ్ళీ ఆగిపోయారు.

బండి ఇప్పుడు బాగానే ఉంది. ప్రతి ఆదివారం డిప్‌స్టిక్ తీసి చూసి రంగు ఎలా ఉందో నాకు ఫోన్ చేసి చెబుతారు. మీటింగులో ఉన్నా ఎత్తుతున్నా. మొన్న ఊరెళ్ళినప్పుడు అరుగు మీద ఎవరో "ఇంకా ఆ ప్లాంటు బండే తొక్కుతున్నావా?" అని అడిగారు. నాన్న ఏమాత్రం తడుముకోకుండా చెప్పారు.

"ఆ ఇంజన్ ఎప్పుడో పోయిందిరా. ఇది ఏలూరు ఇంజను."